రాబర్ట్ క్యాంప్‌బెల్: కలకత్తా సరుకుతో సిడ్నీలో కొట్టు తెరిచిన స్కాట్లాండ్ మనిషి (తరచుగా అడిగే ప్రశ్నలు)

సిడ్నీ వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఒపేరా హౌస్ ముందు ఫొటో దిగుతారు. అక్కడి నుంచి నీళ్లకు అవతలి ఒడ్డున, వంతెన కింది వైపు, వరసగా పాత రాతి గోదాములు కనిపిస్తాయి. ఆ చోటును ఇప్పటికీ క్యాంప్‌బెల్స్ కోవ్ అంటారు. ఆ క్యాంప్‌బెల్ ఎవరని అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లకు మొదట ఆశ్చర్యం కలిగించేది, ఆయన సరుకు కలకత్తా నుంచి వచ్చిందన్న సంగతి. ఆయన గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఇంతకీ ఎవరీ రాబర్ట్ క్యాంప్‌బెల్?

1769 ఏప్రిల్ 28న స్కాట్లాండ్‌లోని గ్రీనక్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. 27 ఏళ్ల వయసులో కలకత్తా చేరాడు. 1800లో సిడ్నీలో స్థిరపడి, అక్కడ పెద్ద ప్రైవేటు వర్తకుడయ్యాడు. తరవాత గొర్రెల పెంపకంలోకి దిగాడు. 1825 నుంచి 1843 దాకా న్యూ సౌత్ వేల్స్ శాసన మండలిలో సభ్యుడిగా ఉన్నాడు. ఇప్పుడు ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెరా ఉన్న నేలలో కొంత భాగం ఒకప్పుడు ఆయన గొర్రెల బీడు. జనం ఆయన్ని 'రేవు క్యాంప్‌బెల్' అనేవాళ్లు. ఆ పేరు ఎందుకు అవసరమైందో కింద చెబుతాను.

స్కాట్లాండ్ మనిషి నేరుగా ఆస్ట్రేలియా వెళ్లకుండా కలకత్తా ఎందుకు వెళ్లాడు?

అన్న జాన్ అప్పటికే కలకత్తాలో ఉన్నాడు కాబట్టి. ఇంట్లో ఒకడు ముందు వెళ్లి నిలదొక్కుకుంటే, వెనక తమ్ముడు, ఆ వెనక బావమరిది బయలుదేరడం మనకు కొత్త కాదు. అమెరికా వెళ్లిన మన కుటుంబాల కథలు సగం ఇవే. అన్నదమ్ములు ఉన్న కంపెనీ పేరు 'క్యాంప్‌బెల్ అండ్ క్లార్క్'. క్లార్క్‌లు తప్పుకున్నాక అది 'క్యాంప్‌బెల్ అండ్ కో' అయింది.

ఖైదీలను పంపడానికి బ్రిటన్ 1788లో పెట్టిన సిడ్నీ కాలనీకి తిండి గింజల దగ్గర్నుంచి గుడ్డల దాకా అన్నీ కొరతే. ఇంగ్లండ్ నుంచి ఓడ రావాలంటే నెలలు పట్టేది. కలకత్తా అంతకంటే చాలా దగ్గర. ఈ లెక్క కలకత్తా వర్తకులకు బాగా అర్థమైంది.

'సిడ్నీ కోవ్' ఓడ కథ ఏమిటి? అది ఆయన ఓడేనా?

ఆయన ఒక్కడిది కాదు, కంపెనీది. కానీ ఆయన సిడ్నీ ముఖం చూడటానికి కారణం ఆ ఓడ మునగడమే.

1796 నవంబరులో కలకత్తా నుంచి బయలుదేరింది. బియ్యం, టీ, చైనా పింగాణీ, అన్నింటికంటే ముఖ్యంగా వేల గ్యాలన్ల రమ్ము. ఓడ మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే హిందూ దేశపు నావికులు. దారిలో తుపాన్లు, ఓడకు చిల్లు, రాత్రీ పగలూ నీళ్లు తోడుకోవడం. చివరికి 1797 ఫిబ్రవరిలో టాస్మేనియాకు ఉత్తరాన ఒక చిన్న దీవి పక్కన ఓడను ఇసుకలోకి ఎక్కించేశారు. సరుకు దించుకున్నాక, రమ్మును మాత్రం జనం తాగేస్తారని పక్కనున్న ఇంకో చిన్న దీవిలో పెట్టారు. దాని పేరు ఇప్పటికీ రమ్ ఐలండే.

సహాయం కోసం 17 మంది పడవలో బయలుదేరారు. ఆ పడవ కూడా ఆస్ట్రేలియా తీరాన బద్దలైంది. ఇక మిగిలింది నడక. 12 మంది లాస్కర్లు, అయిదుగురు తెల్లవాళ్లు, సరైన తిండి లేకుండా, దారి తెలియకుండా, దాదాపు 700 కిలోమీటర్లు సముద్రపు ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి నడిచారు. కొన్నిచోట్ల ఆదివాసులు చేపలు పెట్టారు, నదులు దాటించారు. కొన్నిచోట్ల గొడవలూ జరిగాయి. రెండున్నర నెలల తరవాత, మే నెలలో, సిడ్నీకి దక్షిణాన చేపల పడవ వాళ్లకు కనిపించింది ముగ్గురు: సరుకు బాధ్యత చూసే విలియమ్ క్లార్క్, ఒక నావికుడు, ఒక లాస్కర్. దీవిలో ఉండిపోయిన వాళ్లను తీసుకురావడానికి వెళ్లిన పడవల్లో ఒకటి తిరుగు ప్రయాణంలో మనుషులతో సహా కనపడకుండా పోయింది. అందులోనూ లాస్కర్లు ఉన్నారు.

ఈ ప్రమాదం వల్ల తెల్లవాళ్లకు రెండు విషయాలు తెలిశాయి. ఆ తీరంలో బొగ్గు ఉందని ఒకటి, టాస్మేనియాకూ ప్రధాన భూభాగానికీ మధ్య జలసంధి ఉండొచ్చని ఇంకొకటి. పుస్తకాల్లో ఈ రెండూ గట్టిగా చెబుతారు. నడిచి చచ్చిపోయిన లాస్కర్ల పేర్లు మాత్రం అంత సులువుగా దొరకవు.

అంత నష్టపోయాక మళ్లీ సిడ్నీ వైపు ఎందుకు చూశాడు?

మునిగిన సరుకులో మిగిలినదాన్ని చూసుకోవాలి, అక్కడి బేరం సంగతీ కనుక్కోవాలి. అందుకని 1798 జూన్‌లో 'హంటర్' అనే ఓడలో సరుకుతో స్వయంగా వచ్చాడు. ఒడ్డున స్థలం కొన్నాడు. తిరిగి కలకత్తా వెళ్లి, 1800 ఫిబ్రవరిలో మకాం మార్చేశాడు. మరుసటి ఏడాది సోఫియా పామర్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అన్న జాన్ పామర్ ప్రభుత్వ గోదాములకు అధికారి, అంటే కాలనీ కోసం సరుకులు కొనే మనిషి. అమ్మేవాడు బావ, కొనేవాడు బావమరిది. ఈ చుట్టరికం మీద అప్పట్లోనే గొణుగుడు ఉండేది. ఉండదా మరి?

అప్పటి సిడ్నీలో వ్యాపారం ఎలా నడిచేది?

ఘోరంగా. ఓడ రేవులోకి రాగానే సైనిక అధికారులు కూడబలుక్కుని సరుకంతా కొనేసేవాళ్లు. వాళ్ల జీతాలు లండన్‌లో చెల్లే బిల్లుల రూపంలో ఉండేవి కాబట్టి ఓడ కెప్టెన్లు వాళ్లకే అమ్మేవాళ్లు. తరవాత అదే సరుకును ఎన్నో రెట్ల ధరకు రైతులకు అంటగట్టడం. నాణేల కరువు వల్ల రమ్మే డబ్బుగా చెలామణీ అయ్యేది. కూలీ ఇవ్వాలన్నా రమ్మే, గోధుమలు కొనాలన్నా రమ్మే. శిక్ష ముగిసిన ఖైదీలకు పాతిక ముప్పై ఎకరాలు ఇచ్చి సేద్యం చేసుకోమనేవారు. ఆ చిన్న రైతు పండించింది అప్పుకింద పోయేది, అప్పు మాత్రం తీరేది కాదు. తెలుగు పల్లెల్లో ధాన్యం మీద అప్పిచ్చే షావుకారు కథలు విన్నవాళ్లకు ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి క్యాంప్‌బెల్ చేసిన తేడా ఏమిటి?

కొట్టు ఎప్పుడూ తెరిచి ఉంచడం. చెప్పుకుంటే చాలా చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఓడ వచ్చిన వారం మాత్రమే సరుకు దొరికే ఊళ్లో, ఏడాది పొడవునా చక్కెర, బియ్యం, గుడ్డ, పనిముట్లు ఒకచోట నిల్వ ఉండటమే పెద్ద మార్పు. సొంత రేవు కట్టాడు, పక్కనే గోదాములు కట్టాడు. అధికారుల కంటే తక్కువ ధరకు అమ్మాడు, చిన్న రైతులకు అరువిచ్చాడు. ముఖ్యంగా హాక్స్‌బరీ నది ఒడ్డున గోధుమలు పండించేవాళ్లకు ఆయన అరువే ఆధారం. 'ఆస్ట్రేలియా వాణిజ్యానికి పితామహుడు' అన్న బిరుదు అక్కడి నుంచి వచ్చింది.

ఆయన వక్త కాదు, ఉద్యమాలు నడిపిన మనిషీ కాదు. ఆయన రాజకీయం మొత్తం ఈ గల్లాపెట్టె దగ్గరే మొదలైందని నా అభిప్రాయం.

రమ్ము ఆయన కూడా అమ్మాడు కదా? మరి మంచివాడెలా అయ్యాడు?

అమ్మాడు. మునిగిన ఓడలో ఉన్నదే రమ్ము అని పైన చెప్పాను. ఆయన లాభం కోసం వచ్చిన వర్తకుడు. రైతుకు తక్కువ ధరకు అమ్మితే అధికారుల గుత్తాధిపత్యం విరుగుతుంది, తనకు గిరాకీ పెరుగుతుంది. ఆ రెండూ ఒకే పని. ఆయన్ని దేవుణ్ని చేయాల్సిన అవసరం లేదు.

ఇండియా నుంచి పశువులు కూడా వెళ్లాయట, నిజమేనా?

నిజమే. కాలనీ ప్రభుత్వం కోసం బెంగాల్ నుంచి పశువులను ఓడల్లో తెప్పించే కాంట్రాక్టులు ఆయన తీసుకున్నాడు.

ఈస్టిండియా కంపెనీతో ఆయనకు గొడవ ఎందుకు వచ్చింది?

గుడ్‌హోప్ అగ్రానికి తూర్పున బ్రిటిష్ వ్యాపారమంతా తనదేనని ఆ కంపెనీకి పట్టా ఉండేది. మన ఉత్తర సర్కారులు ఏలింది, మచిలీపట్నంలో బట్టలు కొన్నదీ ఆ కంపెనీయే. సిడ్నీ కూడా ఆ గీతకు తూర్పునే ఉంది. అంటే సిడ్నీలో పుట్టిన సరుకును సిడ్నీ వర్తకుడు నేరుగా లండన్‌లో అమ్ముకోకూడదు.

క్యాంప్‌బెల్‌కు ఇక్కడే చిక్కు. కాలనీ కొనడమే తప్ప అమ్మడానికి దాని దగ్గర ఏమీ లేదు. ఏదో ఒకటి ఎగుమతి చేస్తే తప్ప కలకత్తాకు బాకీ తీరదు. అందుకని సీల్ జంతువుల వేట మొదలుపెట్టించాడు. చర్మాలు, నూనె పోగుచేసి, 1805 జనవరిలో 'లేడీ బార్లో' ఓడకెత్తించి, భార్యాపిల్లలతో తనే లండన్ బయలుదేరాడు. 13 వేలకు పైగా సీల్ చర్మాలు, 260 టన్నుల నూనె. లండన్ చేరగానే కంపెనీ అడ్డుపడింది, సరుకు చిక్కుల్లో పడింది. ఆ ప్రయాణంలో ఆయనకు నష్టమే మిగిలింది. కానీ సర్ జోసెఫ్ బ్యాంక్స్ లాంటి పలుకుబడి ఉన్నవాళ్లు కాలనీ వైపు మాట్లాడారు, పట్టు మెల్లమెల్లగా సడలింది. ఇండియా వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం 1813 చట్టంతో పోయింది.

ఒక మాట: ఆ వేటలో సీల్ జంతువులు కొన్ని దీవుల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కొత్త దేశపు మొదటి ఎగుమతి అలా జరిగింది.

రమ్ తిరుగుబాటులో ఆయన ఏ పక్షం?

గవర్నర్ పక్షం. కథ మొదలయ్యింది సారా బట్టీలతో.

1806లో గవర్నర్‌గా వచ్చిన విలియమ్ బ్లై (బౌంటీ ఓడ తిరుగుబాటుతో పేరు పడ్డ మనిషే) రమ్ముతో బేరాలు ఆపాలని పట్టుదలగా ఉన్నాడు. చిన్న రైతులు ఆయన్ని ఇష్టపడ్డారు, అధికారులు పళ్లు నూరారు. బ్లై క్యాంప్‌బెల్‌ను నావల్ ఆఫీసరుగా నియమించాడు. పేరు చూసి యుద్ధ నౌకలు అనుకోవద్దు. రేవులోకి వచ్చే సరుకు మీద సుంకాలు వసూలు చేసే ఉద్యోగం అది. సరుకు దిగుమతి చేసే వర్తకుడే సుంకాల అధికారి కావడం మన కాలంలో అయితే పత్రికలకు పండగ.

1807లో జాన్ మెకార్థర్ అనే మాజీ సైనిక అధికారి పేరు మీద ఒక బట్టీ దిగింది. మెరినో గొర్రెల ఉన్నితో పేరు పొందిన మెకార్థర్ ఆయనే. బట్టీని వెనక్కి పంపమని బ్లై ఆజ్ఞ. అయితే దాని రాగి బానలు అప్పటికే మెకార్థర్ ఇంటికి చేరాయి. క్యాంప్‌బెల్ వాటిని జప్తు చేయించాడు. మెకార్థర్ ఊరుకోకుండా కోర్టులో దావా వేశాడు. చూడటానికి రెండు రాగి బానల గొడవ. కానీ గవర్నర్ మాట పైచేయా, పెద్దమనుషుల మాటా అన్నది అసలు సంగతి.

ఇలాంటి తగాదాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, 1808 జనవరి 26న, కాలనీ పెట్టి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున, మేజర్ జార్జ్ జాన్‌స్టన్ పటాలంతో వెళ్లి గవర్నర్‌ను నిర్బంధించాడు. రమ్ తిరుగుబాటు అంటే ఇదే. క్యాంప్‌బెల్ పదవి పోయింది. బావమరిది పామర్ పదవీ పోయింది. కొత్త పాలకులతో రాజీ పడితే వ్యాపారం సాఫీగా సాగేదే. ఆయన పడలేదు.

ఆ విధేయతకు ఫలితం దక్కిందా?

గౌరవం దక్కింది, డబ్బు పోయింది. 1810లో కొత్త గవర్నర్ మాక్వారీ వచ్చి పాత ఉద్యోగులను పిలిచాడు. కానీ జాన్‌స్టన్ మీద లండన్‌లో సైనిక విచారణ, సాక్ష్యానికి రమ్మని క్యాంప్‌బెల్‌కు కబురు. వెళ్లాడు. 1811లో జాన్‌స్టన్‌ను నేరస్తుడిగా తేల్చి సైన్యం నుంచి తీసేశారు. సాక్షి మాత్రం సిడ్నీకి తిరిగి వచ్చింది 1815లో. యజమాని అయిదేళ్లు లేని కొట్టు ఎలా ఉంటుందో కొట్టు నడిపినవాళ్లను అడగండి. అరువులు వసూలు కాలేదు, పోటీదార్లు పెరిగారు. మునుపటి స్థాయి మళ్లీ రాలేదనే చెప్పాలి.

'క్యాంప్‌బెల్ బ్యాంకు' అంటే?

1819లో మొదలైన పొదుపు బ్యాంకు. కూలీలు, ఖైదీలు చిన్న మొత్తాలు దాచుకోవడానికి. దాని బాధ్యత ఆయనది కాబట్టి జనం నోట క్యాంప్‌బెల్ బ్యాంకు అయింది. పేరున్న బోర్డు కంటే తెలిసిన మొహం మీద నమ్మకం ఎక్కువ కదా.

రేవు వ్యాపారి గొర్రెల కాపరి ఎలా అయ్యాడు?

మళ్లీ ఒక మునిగిన ఓడ వల్లే!

1806 మార్చిలో హాక్స్‌బరీకి పెద్ద వరద వచ్చి కాలనీ ధాన్యం కొట్టుకుపోయింది. బ్లై రాకముందు గవర్నర్‌గా ఉన్న కింగ్ క్యాంప్‌బెల్ ఓడ 'సిడ్నీ'ని అద్దెకు తీసుకుని కలకత్తా నుంచి ధాన్యం తెమ్మని పంపాడు. అది న్యూ గినీ దగ్గర రాళ్లకు తగిలి మునిగింది. ప్రభుత్వ పని మీద పోయిన ఓడ కాబట్టి నష్టపరిహారం కావాలన్నాడు. అర్జీలు, ఉత్తరాలు, జవాబులు. పరిహారం చేతికొచ్చింది 1825లో, అంటే 19 ఏళ్లకు! ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాళ్లకు ఇక్కడ కాస్త ఊరట. అదీ రొక్కం కాదు, దాదాపు 4,000 ఎకరాల భూమి, 700 పైచిలుకు గొర్రెలు.

ఆ మందను జేమ్స్ ఎయిన్స్‌లీ అనే స్కాట్లాండ్ మనిషికి అప్పగించి, మంచి మేత ఉన్న చోటు చూసుకోమన్నాడు. ఎయిన్స్‌లీ దక్షిణంగా తోలుకుంటూ పోయి లైమ్‌స్టోన్ ప్లెయిన్స్ అనే పచ్చిక మైదానంలో ఆగాడు. ఇప్పటి క్యాన్‌బెరా అక్కడే ఉంది. ఒక ఆదివాసీ స్త్రీ దారి చూపిందని అక్కడ చెప్పుకుంటారు. క్యాంప్‌బెల్ ఆ చోటికి స్కాట్లాండ్‌లో తమ వంశానికి చెందిన డన్‌ట్రూన్ కోట పేరు పెట్టాడు. 1833లో అక్కడ రాతి ఇల్లు కట్టించాడు. అదే ఏడాది సోఫియా చనిపోయింది.

ఆ భూమి ఖాళీగా ఉందా?

లేదు. న్గున్నవాల్, న్గాంబ్రి ప్రజలు వేల ఏళ్లుగా అక్కడ ఉన్నారు. వాళ్లను అడగకుండానే పట్టా పుట్టింది. కంచె వేసిన గొర్రెల బీడులో వాళ్ల వేట, దుంపలు, దారులు అన్నీ దెబ్బతిన్నాయి. మొదట్లో అక్కడి చాకిరీ కూడా ఖైదీలదే. తరవాత స్కాట్లాండ్ నుంచి వచ్చిన కుటుంబాలు పనిలో చేరాయి. క్యాంప్‌బెల్ తన మనుషులను బాగా చూసుకున్నాడన్న పేరు ఉంది. భూమి ఎవరిదన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఎన్నికల్లో గెలిచాడా? ఆయన రాజకీయం ఏమిటి?

ఎన్నికలే లేవు. మన భాషలో చెప్పాలంటే గవర్నర్ కోటా ఎమ్మెల్సీ. 1825 డిసెంబరులో శాసన మండలిని పెంచి, ఉద్యోగులు కానివాళ్లు ముగ్గురిని మొదటిసారి తీసుకున్నారు. ఒకరు క్యాంప్‌బెల్. ఇంకొకరు చార్లెస్ త్రాస్బీ. మూడో మనిషి ఎవరనుకున్నారు? జాన్ మెకార్థర్. రాగి బానల మీద దావా వేసిన ఆయనే! పద్దెనిమిదేళ్ల తరవాత ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఈ ఒక్క దృశ్యం కోసమైనా ఎవరో ఒకరు దీన్ని నాటకంగా రాయాలి.

అప్పటికి ఇద్దరూ గొర్రెల ఆసాములే. చిన్న రైతుకు అరువిచ్చిన కొట్టు యజమాని, గవర్నర్‌తో తలపడ్డ మాజీ సైనిక పెద్దమనిషి, ఇద్దరి అవసరాలూ ఇప్పుడు ఒకే రకం: మేత భూములు, పనివాళ్లు, దారులు. క్యాంప్‌బెల్ మనసు మారిందని నేను అనను కానీ, నిలబడ్డ చోటు మాత్రం మారింది. 1843లో మండలిలో మూడింట రెండొంతుల సీట్లకు ఎన్నికలు పెట్టారు. ఆయన సభ్యత్వం ఆ ఏడాదితోనే ముగిసింది.

ఇంటర్నెట్‌లో వెతికితే తేదీలు ఎందుకు కలవడం లేదు?

ఒకే పేరుతో ముగ్గురు ఉన్నారు. రేవు క్యాంప్‌బెల్ మన కథానాయకుడు. ఆయన అన్న కొడుకు రాబర్ట్ క్యాంప్‌బెల్ జూనియర్ కూడా సిడ్నీ వర్తకుడే. మన రాబర్ట్ కొడుకు, 1804లో పుట్టిన మూడో రాబర్ట్, 1850లలో కాలనీకి ఆర్థిక మంత్రిగా పనిచేశాడు. పుట్టిన ఏడాది 1769 అని ఉంటేనే ఇక్కడ చెప్పిన మనిషి.

సిడ్నీ, క్యాన్‌బెరా వెళ్తే ఏమేం చూడొచ్చు?

సిడ్నీలో రాక్స్ ప్రాంతంలోని క్యాంప్‌బెల్స్ స్టోర్స్. ఇప్పుడు కనిపించే గోదాములు ఆయన మొదట కట్టినవి కావు, 1839 నుంచి దశలవారీగా కట్టినవి. లోపల ఇప్పుడు హోటళ్లు. కాఫీ ధర చూస్తే పాత అధికారుల రోజులు గుర్తొస్తాయి.

క్యాన్‌బెరాలో అయితే చాలా ఉంది. డన్‌ట్రూన్ ఇల్లు 1911లో మొదలైన రాయల్ మిలిటరీ కాలేజీ ఆవరణలో ఉంది. అది సైనిక ప్రాంతం, వెళ్లే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. యుద్ధ స్మారకం ఉన్న పేట పేరే క్యాంప్‌బెల్, దాని వెనక కొండ పేరు ఎయిన్స్‌లీ. సెయింట్ జాన్స్ చర్చికి స్థలం ఇచ్చింది క్యాంప్‌బెల్. 1845లో ప్రతిష్ఠ జరిగింది. సరస్సు ఒడ్డున బ్లండెల్స్ కాటేజ్ అని చిన్న రాతి ఇల్లు ఉంటుంది. డన్‌ట్రూన్ పనివాళ్ల కోసం ఆయన కుటుంబం 1860 ప్రాంతంలో కట్టించింది. పెద్ద ఇంటి కంటే నాకు ఈ చిన్న కాపురమే ఎక్కువ చెబుతుంది. పిల్లలుంటే ముందు అక్కడికే తీసుకెళ్లండి.

ఎప్పుడు, ఎక్కడ చనిపోయాడు?

1846 ఏప్రిల్ 15న, డన్‌ట్రూన్‌లోనే. 77వ పుట్టినరోజుకు ఇంకా రెండు వారాలు కూడా లేవు. స్థలం ఇచ్చిన చర్చి పక్కనే ఉన్నా, ఆయన్ని అక్కడ పూడ్చలేదు. వందల కిలోమీటర్ల దూరం మోసుకెళ్లి, సిడ్నీ పక్కనున్న పరమట్టాలో సమాధి చేశారు.